ఇంటిలోనున్న నూనె కుండ

ధ్యానభాగము: 2 రాజులు 4:1-7

దైవభక్తిగల యొక పురుషుడు చనిపోయెను. ఆయన భక్తినిగూర్చి ఎవరికిని సందేహము లేదు. ఆయన భార్యయే ఎలీషా యెదుట దానికి సాక్ష్యమిచ్చెను. అయినను ఆయన ఇంటివారికి మిగిల్చినది అప్పు. అప్పిచ్చినవాడు ఇద్దరు కుమారులను దాసులుగా కొనిపోవుటకు వచ్చియుండెను. తండ్రి ప్రార్థనాపరుడైనంత మాత్రమున ఋణపత్రము చెరిగిపోలేదు. భక్తి వేరు, ఇంటి లెక్క వేరు అని తలంచు ప్రతివానికి ఈ భాగము గొప్ప హెచ్చరిక.

ఇది ఆ దినముల సంగతి మాత్రమే కాదు. పశ్చిమ బెంగాలులోని ఖరగ్‌పూర్ పట్టణమును చూడుడి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలములో ఉత్తరాంధ్ర ప్రాంతమునుండి అనేక తెలుగు కుటుంబములు వర్క్‌షాపు పనికి, లైను పనికి అక్కడికి పోయి స్థిరపడెను. 1951లో హిజిలీలో ఐ.ఐ.టి. ఆరంభమాయెను, ఆ విద్యాలయము ప్రక్కనే ప్రేమ్ బజార్ ఉన్నది. నెలజీతగాడును, దినకూలియు, చిన్న దుకాణదారుడును అక్కడ కూరగాయల బేరమాడుదురు. ఆదాయములు వేరైనను వారి ప్రశ్న ఒక్కటే: చేతికి వచ్చినది నెలాఖరువరకు నిలుచునా? ఆ ప్రశ్నకు ఎలీషా ఆ విధవరాలిని నడిపించిన క్రమములో జవాబున్నది.

మొదటిది, ఇంటిలో ఏమున్నదో చూచుకొనుట. ప్రవక్త ఆమెకు వెంటనే ధనమియ్యలేదు. ఆమె ఇంటిలో ఏమి కలదని అడిగెను. ఆమె ముందు ఏమియు లేదనెను, పిమ్మట నూనె కుండను జ్ఞాపకము చేసికొనెను. లెక్క వ్రాయని ఇంటిలో ఉన్నదియు కనబడదు, పోవునదియు కనబడదు. దినమునకు 30 రూపాయలు టీకి, కిళ్లీకి పోయిన యెడల అది నెలకు 900, సంవత్సరమునకు 10,800 రూపాయలగును. బియ్యము, అద్దె, కరెంటు, పిల్లల ఫీజు, మందులు, దేవుని భాగము అన్నియు ఒక చిన్న పుస్తకములో భార్యాభర్తలు కలిసి వ్రాయవలెను. గోపురము కట్టువాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్కించుకొనునని ప్రభువైన యేసు చెప్పిన మాట పేదవాని గుడిసెకును వర్తించును.

రెండవది, అప్పును ముందుగా తీర్చుట. నూనె అమ్మిన సొమ్ములో మొదటి భాగము అప్పిచ్చినవానిదే; మిగిలినది జీవనమునకు. అనేక గృహములలో ఈ క్రమము తలక్రిందులైనది. పెండ్లికో, పండుగకో నూటికి నెలకు ఐదు రూపాయల వడ్డీకి 10,000 తెచ్చినవాడు నెలకు 500 చెల్లించును. ఇరువది నెలలకు వడ్డీయే 10,000 అగును. అసలు మాత్రము కదలక నిలిచియుండును. ఏటికి నూటికి అరువది చొప్పున పోవుచుండగా, ఏడో ఎనిమిదో ఇచ్చు పొదుపు పథకమును వెదకుట చిల్లుపడిన కుండలో నీళ్లు పోయుటయే. అట్టివానికి అప్పు తీర్చుటకంటె లాభకరమైన పెట్టుబడి లేదు.

ఇచ్చట సంఘమునకు ఒక కఠినమైన ప్రశ్న కలదు. ఆమె పొరుగువారు తమ పాత్రలను ఎరువిచ్చిరి. వాటికి అద్దె అడిగినట్లు వ్రాయబడలేదు. పేదవానికి అప్పిచ్చి వడ్డీ మోపకూడదని నిర్గమకాండము 22వ అధ్యాయము ఆజ్ఞాపించుచున్నది. ఆదివారము ప్రక్కన కూర్చుండి ఒకే రొట్టెలో పాలుపొందిన సహోదరుని గుమ్మమునకు సోమవారము వడ్డీకై పోవువాడు ఏ పాత్రను పట్టుకొని పోవుచున్నాడు?

మూడవది, కొంచెము కొంచెముగా నింపుట. పాత్ర తరువాత పాత్ర నిండెను. త్వరపడి సంపాదించినది క్షీణించునని, చేతితో కూర్చుకొనినది వృద్ధియగునని సామెతల గ్రంథము బోధించుచున్నది. దీనిని మరచిన ఫలమును బెంగాలు కన్నులార చూచినది. 2013 ఏప్రిల్‌లో శారదా సంస్థ కూలినప్పుడు లక్షలాది చిన్న మదుపుదారుల కష్టార్జితము చిక్కుకొనెను. తెలుగు దేశమున అగ్రిగోల్డ్ డిపాజిటుదారులును 2014-15లో అట్టి దుఃఖమునే అనుభవించిరి. ఏజెంటు బంధువైనను, విశ్వాసియైనను, అధిక లాభమును నిశ్చయముగా ఇచ్చెదనని చెప్పినచో అనుమతి పత్రమును అడుగుట అవిశ్వాసము కాదు, వివేకము. పోస్టాఫీసులో ఐదేండ్ల నెలవారీ డిపాజిటు, 1968లో ఆరంభమైన పదునైదేండ్ల పబ్లిక్ ప్రావిడెంట్ ఫండు వంటివి నిదానమైన పాత్రలు. బ్యాంకు డిపాజిటునకు సహితము 2020 ఫిబ్రవరి 4 మొదలుకొని ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్కరికి 5 లక్షలవరకే భీమా కలదు. ఏడుగురికి, ఎనిమిదిమందికి భాగము పంచియుంచుమను ప్రసంగి సలహా ఇందుకును తగినదే.

నాలుగవది, మిగిలినదానితో బ్రదుకుట. ఆమెయు కుమారులును కలిసి బ్రదుకవలెనని దైవజనుడు చెప్పెను. రేపటి దినములును ఆ మాటలో చేరియున్నవి. రైల్వేలో 2004 జనవరి 1కి ముందు చేరినవారికి పూర్వపు పింఛను కలదు. ఆ దినము మొదలుకొని చేరినవారికి జాతీయ పింఛను పథకము వచ్చెను. 2025 ఏప్రిల్ 1 నుండి ఏకీకృత పథకమును ఎన్నుకొను వీలును కలిగెను. దుకాణదారునికిని కూలివానికిని ఇట్టి ఉద్యోగపు పింఛను లేదు. 2015లో వచ్చిన అటల్ పింఛను వంటి దానిలో యౌవనముననే చేరుట వారికి మేలు. ఎవడైనను తన కాగితములు ఎక్కడున్నవో, నామినీగా ఎవరి పేరున్నదో బ్రదికియుండగనే భార్యకు చూపవలెను. ఆ ప్రవక్త శిష్యుని ఇంట అప్పిచ్చినవాడు వచ్చిన దినము ఏ ఇంటికిని రాకుండుగాక.

పాత్రలు అయిపోగానే నూనె నిలిచిపోయెను. ఆమె ధనవంతురాలు కాలేదు, విమోచింపబడెను. కుమారులు దాసులు కాలేదు. దేవుడు ఆమెకు ఇచ్చినది వైభవము కాదు, స్వాతంత్ర్యము. మనుష్యుని పాప ఋణమును సిలువలో తానే తీర్చిన ప్రభువు తన బిడ్డలు లోకపు ఋణములో తలవంచుకొని నడచుటను కోరడు. కావున ఈ రాత్రి ఒక గృహమైనను తలుపు మూసికొని, దీపము దగ్గర పుస్తకము తెరచి, ఉన్నదానిని ఉన్నట్లు వ్రాయునుగాక. ఆ లెక్కయు ప్రార్థనయే.

ప్రార్థన: తండ్రీ, దినాహారమునిచ్చువాడవు నీవే. అప్పుల క్రిందనున్న నీ బిడ్డలకు సత్యమును ఒప్పుకొను ధైర్యమును, తీర్చు ఓర్పును, మిగిలినదానిలో తృప్తిని దయచేయుము. కలిగినవారికి ఎరువిచ్చు హృదయమునిమ్ము. యేసు నామమున, ఆమేన్.