ఆగడమూ ధర్మమే

నేను పాథాలజిస్టుని. కాలేయపు ముక్కకు మాసన్ ట్రైక్రోమ్ రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెడితే కొల్లాజెన్ పోగులు నీలంగా తేలతాయి. క్యాన్సర్ గడ్డ కన్నా ముందు నా చూపు ఆ నీలం మీదికే పోతుంది.

ఆ పోగుల్ని అల్లేవి స్టెల్లేట్ కణాలు. 1876లో జర్మన్ శాస్త్రవేత్త కుప్ఫర్ వీటిని తొలిసారి వర్ణించాడు. కాలేయం బాగున్నంతకాలం విటమిన్ ఎ దాచుకుని ఊరికే ఉంటాయి. వైరస్సో, మద్యమో, కొవ్వో గాయం చేస్తే ఆ నిల్వ వదిలేసి గాయం పూడ్చడానికి దిగుతాయి. అది వాటి స్వధర్మం. గాయం మానితే సద్దుమణుగుతాయి. ఏళ్ల తరబడి మానకపోతే మాత్రం అల్లుతూనే పోతాయి. కాలేయం గట్టిపడి సిరోసిస్ వస్తుంది. ఆ గట్టిదనమే చెడిన కణాల్ని పెరగమని ప్రేరేపిస్తుంది. వాటిని చంపాల్సిన రోగనిరోధక కణాల పని కుంటుపడుతుంది. కాలేయ క్యాన్సర్లలో నూటికి 80కి పైగా సిరోసిస్ ఉన్న కాలేయంలోనే పుడతాయి.

ఇక్కడ దోషి ఎవరు? స్టెల్లేట్ కణం క్యాన్సర్ కణం కాదు. తన పని తాను చేసిందంతే. ‘నా ధర్మం నేను చేశాను, ఫలితంతో నాకేం పని’ అని మనమూ నిష్కామకర్మ పేరు చెప్పి తప్పుకుంటాం. నేనది ఒప్పుకోను. చేస్తున్న పని ఎవరికి మేలవుతోందో చూసుకోవడం, అవసరమైతే ఆగడం కూడా ధర్మంలో భాగమే. 2022లో ఎలుకల మీద వెలువడిన పరిశోధన నా నమ్మకాన్ని గట్టిపరిచింది. ఇవే కణాల్లో నెమ్మదిగా ఉన్నవి హెచ్‌జీఎఫ్ అనే ప్రొటీన్‌తో కాలేయాన్ని క్యాన్సర్ నుంచి కాపాడుతున్నాయి, కొల్లాజెన్ అల్లేవి గడ్డకు తోడ్పడుతున్నాయి. పుట్టుక ఒకటే అయినా ఉన్న స్థితి వేరు.

‘మా వాడు చుక్క ముట్టలేదు, ఏ జన్మలో పాపమో డాక్టరమ్మా’ అని ఓ తల్లి నన్నడిగింది. అతనికి ఉన్నది హెపటైటిస్ బి. పుట్టినప్పుడే సోకితే ఆ వైరస్ పదిమందిలో తొమ్మిదిమందిలో ఉండిపోతుంది. పసికందుకు పాపం అంటగట్టే కర్మసిద్ధాంతాన్ని నేను నమ్మలేను. పాపం వెతకడం మాని గాయాన్ని ఆపుదాం. హెపటైటిస్ సి మందులతో నయమైన చాలామందిలో ఆ నీలం పోగులు తగ్గుతున్నాయి. హెపటైటిస్ బికి టీకా ఉంది. మీ ఇంట్లో బిడ్డ పుడితే 24 గంటల్లోపు ఆ టీకా వేయించండి. ప్రభుత్వాసుపత్రిలో ఉచితం.