మొదటి కుక్క, చివరి కుక్క

మిరియాన్ని కొబ్బరిచెట్టు మొదట్లో పాతిపెట్టి ఇంట్లోకి వచ్చాక నాకేం పాలుపోలేదు. మనిషి పోతే ఇంటినిండా పనే. కబుర్లు పంపాలి, బ్రాహ్మణ్ణి పిలవాలి, పదో రోజూ పన్నెండో రోజూ లెక్క చూసుకోవాలి. మావారు పోయినప్పుడు నన్ను నిలబెట్టినవి ఆ పనులే. కుక్కకి మైల లేదు, పిండం లేదు, పలకరించడానికి వచ్చేవాళ్ళు లేరు. తలస్నానం చేసి దీపం పెట్టుకున్నాను. సాయంత్రం నాలుగయ్యేసరికి చెయ్యవలసినవన్నీ అయిపోయాయి. దుఃఖం మాత్రం అప్పుడే మొదలైంది.

వాడు 13 ఏళ్ళు మా ఇంట్లో ఉన్నాడు. అమలాపురంలో మా వీధి చివర కాలవ గట్టున ఎవరో వదిలేసి వెళ్ళిన పిల్ల. నల్లగా, గుప్పెడంత ఉన్నాడని మావారు మిరియం అన్నారు. చివరి నెలలో మూత్రపిండాలు పాడయ్యాయి. తొమ్మిది రోజులు సెలైన్ పెట్టించాం. పెరుగన్నం ముందు పెడితే తినలేక, నన్ను కష్టపెట్టడం ఇష్టం లేక కాబోలు, గిన్నె అంచు ఒక్కసారి నాకి తల వాల్చేసేవాడు. పదో రోజు డాక్టరుగారు ఇంజక్షన్ మాట ఎత్తారు. రెండు రాత్రులు ఆలోచించి సరే అన్నాను. తల నా ఒళ్ళోనే ఉంది. చెవి వెనక వేలితో రాస్తూనే ఉన్నాను. ప్రాణం పోయిన సంగతి నా కళ్ళకన్నా ముందు ఆ వేలికి తెలిసింది.

గొయ్యి తీసింది మా దొడ్లో కొబ్బరి దింపు తీసే అతను. నేను పాత చీర కప్పుతుంటే రాళ్ళుప్పు చల్లుతూ, "మీ చేతి అన్నం తిన్నాడు కదండీ అమ్మగారూ, ఏడవండి, పర్లేదు" అన్నాడు. ఆ మాట అన్నది అతనొక్కడే. మా తోడికోడలు ఫోన్లో, "అంత మోహం పెట్టుకోకక్కా. జడభరతుడి కథ నీకు తెలియంది కాదు. వచ్చే జన్మలో కుక్కవై పుడతావు" అంది.

తెలియంది కాదు. 32 ఏళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పినదాన్ని. ఆ రాత్రి నిద్రపట్టక పోతన భాగవతంలో పంచమ స్కంధం తీశాను. ఆ స్కంధం తెలుగు చేసింది గంగన. రాజ్యం వదిలి తపస్సుకు వచ్చిన భరతుడు గండకీనదిలో కొట్టుకుపోతున్న లేడికూనను పట్టుకుని ఆశ్రమానికి తెచ్చాడు. దాని ధ్యాసలో జపం పోయింది, తపం పోయింది. దాన్నే తలచుకుంటూ ప్రాణం విడిచి లేడై పుట్టాడు. మోహం ఎంత చెడ్డదో చెప్పడానికి ఈ కథ ఎన్నిసార్లు వాడుకున్నానో. ఆ రాత్రి మాత్రం ఎప్పుడూ ఆగని చోట ఆగాను. నీళ్ళలోంచి కూనను తియ్యడం తప్పని ఆ కథ అనలేదు. తల్లి చచ్చిపోయినదాన్ని పైకి తీసింది దయ. ఆ తర్వాత లోకంలో ఇంకేదీ కనపడకపోవడం మోహం. రెండూ ఒకే చేతి పనులు కాబట్టి విడదీసి చూడటం కష్టం. పైగా లేడి జన్మలోనూ ఆయనకు వెనకటి ఎరుక పోలేదు. దారి తప్పాడు గాని దారి మూసుకుపోలేదు.

మర్నాడు భారతం కోసం బీరువా తీస్తే మొదట ఆదిపర్వం చేతికి వచ్చింది. నన్నయగారి భారతం మొదట్లోనే ఒక కుక్కపిల్ల ఏడుస్తూ తల్లి దగ్గరికి పోతుంది. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి ఆడుకుంటూ వచ్చిన సారమేయుణ్ణి రాజు తమ్ముళ్ళు కొట్టి తరిమారు. తల్లి సరమ, దేవతల కుక్క, నేరుగా రాజు దగ్గరికి వచ్చి ఏ తప్పూ చెయ్యని నా బిడ్డనెందుకు కొట్టారని నిలదీసింది. మంచీచెడ్డా చూడకుండా సాధువుల్ని బాధపెట్టేవాళ్ళకు అనుకోని భయాలు వస్తాయని చెప్పి వెళ్ళిపోయింది. ఆ పద్యం నేను పిల్లల చేత వల్లె వేయించిందే.

మిరియం ఏడాది పిల్లగా ఉన్నప్పుడు వంటింట్లో పాలగిన్నె బోర్లాపడి ఉంటే, విసనకర్ర తిరగేసి వాణ్ణి కొట్టాను. మంచం కిందికి దూరాడు. కాసేపటికి మూతికి మీగడ అంటిన పిల్లి ఒకటి అటక మీంచి దిగింది. ఆ సాయంత్రం వాడే వచ్చి నా పాదం మీద గడ్డం ఆనించి పడుకున్నాడు. పన్నెండేళ్ళుగా గుర్తుకురాని ఆ దెబ్బ ఆదిపర్వంలో ఎదురొచ్చింది. అయినవాళ్ళంతా వాణ్ణి బంగారంలా చూశావన్నారు. పుస్తకం నువ్వు కొట్టావంది. కొట్టానని ఒప్పుకుని, క్షమించరా అని పైకే అన్నాను. గుండె మొదటిసారి తేలికపడింది.

అప్పుడు తిక్కనగారి దగ్గరికి వెళ్ళాను. మహాప్రస్థానికం భారతంలో 17వ పర్వం. సంస్కృతంలో మూడే అధ్యాయాలు. ద్రౌపదీ, నలుగురు తమ్ముళ్ళూ దారిలో ఒక్కొక్కరే పడిపోతారు. ధర్మరాజు వెనక్కి చూడకుండా నడుస్తాడు. ఊరి నుంచి వెంట వచ్చిన కుక్క ఒక్కటే మిగులుతుంది. ఇంద్రుడు రథం ఎక్కమంటాడు, కుక్కకు స్వర్గంలో చోటు లేదంటాడు. నమ్మి వచ్చినదాన్ని విడిచి రానంటాడు ధర్మరాజు. ఇంతవరకు అందరికీ తెలుసు. మూలంలో ఇంద్రుడు ఇంకో మాట అడుగుతాడు: భార్యనూ తమ్ముళ్ళనూ విడిచి వచ్చినవాడివి, కుక్కను విడవలేవా? ధర్మరాజు చెప్పిన జవాబు ఇది: పోయినవాళ్ళతో పొత్తూ లేదు, పగా లేదు. వాళ్ళను నేను బతికించలేను. బతికి ఉండగా మాత్రం విడవలేదు.

ఆ మాట మీద చాలాసేపు ఉండిపోయాను. బతికి ఉండగా విడవలేదు. వాడి తల ఒళ్ళో ఉన్నంతసేపూ నేనూ లేవలేదు. ఆ సూదికి సరే అనడం ఒప్పా తప్పా అన్నదానికి ఏ పర్వంలోనూ జవాబు దొరకలేదు. ఆ బరువు నాది, మొయ్యాలి. వాణ్ణి విడిచిపెట్టేశానన్న బాధ మాత్రం ఆ రోజుతో పోయింది.

ఆ కుక్క చివరికి ధర్మదేవతగా మారుతుంది. పిల్లలకు చెప్పేటప్పుడు అక్కడ నా గొంతు లేచేది. ఈసారి వెలితిగా తోచింది. కుక్క కుక్కగానే స్వర్గానికి వెళ్ళినట్టు ఎక్కడా లేదే అని. కానీ ధర్మరాజుకు ఆ సంగతి ముందు తెలియదు. ఆయన స్వర్గం వద్దన్నది మామూలు కుక్క కోసం. దేవుడని తెలిసి పట్టుకుని ఉంటే అందులో గొప్పేముంది?

ఆ తర్వాతది స్వర్గారోహణ పర్వం. వెనక్కి చూడకుండా నడిచిన మనిషి స్వర్గానికి వెళ్ళాక, నా తమ్ముళ్ళెక్కడ, ద్రౌపది ఎక్కడ అని అడుగుతాడు. నరకంలో వాళ్ళ గొంతులు వినపడతాయి. నీ మీంచి వీచే గాలికి మాకు హాయిగా ఉంది, కాసేపు ఉండమంటారు. అయితే ఇక్కడే ఉంటానంటాడు. ముందుకు నడవడం వేరు, మరిచిపోవడం వేరు. నాకు ఎవరూ ఇంత విడమరిచి చెప్పలేదు.

ఆ రెండు పర్వాలే రోజుకు కొన్ని పద్యాలుగా, సాయంత్రం నాలుగింటికి, కొబ్బరిచెట్టు కింద పీట వేసుకుని పైకి చదివాను. ఇదివరకు నేను పద్యం ఎత్తుకుంటే వాడు ఒక చెవి నిలబెట్టేవాడు. పన్నెండో రోజున పద్యాలు అయిపోయి పుస్తకం మూస్తున్నాను. మట్టలు లాగెయ్యడానికి వచ్చిన దింపు అతను చెయ్యి ఆపి, "ఇంతకీ ఆ కుక్క ఎక్కడి నుంచి వచ్చిందండీ?" అన్నాడు. మట్టల మోపు మీద కూర్చోమన్నాను. పేజీలు వెనక్కి తిప్పి మొదటి నుంచి ఎత్తుకున్నాను.