శ్రామికుని హక్కు - ఒప్పందపు గౌరవం

కార్మిక సంఘంలో చేరడం ధర్మసమ్మతమేనా? తిండి పెట్టే యజమానిని కూలి పెంచమని నిలదీయడం కృతఘ్నత కాదా? మన ఇళ్ళలో పనికి వెళ్ళే యువకులకు ఈ సందేహాలు కలుగుతుంటాయి. వీటికి జవాబు మక్కా చరిత్రలోనే ఉంది.

మక్కాలో ఆస్ బిన్ వాయిల్ అనే ధనిక నాయకుడు ఉండేవాడు. యెమన్ నుండి వచ్చిన జుబైద్ తెగ వర్తకుని దగ్గర సరుకు తీసుకొని వెల ఎగవేశాడు. ఆ పరదేశికి అండ ఎవరూ లేరు. అబూ ఖుబైస్ కొండ ఎక్కి తన మొర వినిపించాడు. అప్పుడు కొన్ని వంశాలవారు అబ్దుల్లాహ్ బిన్ జద్ఆన్ ఇంట్లో సమావేశమై, పీడితుడు ఎవరైనా సరే, అతని హక్కు అతనికి దక్కేవరకు ఒక్కటిగా నిలబడతామని ప్రమాణం చేశారు. అందరూ కలిసి వెళ్ళి ఆ వర్తకుని సొత్తు ఇప్పించారు. ఇదే 'హిల్ఫుల్ ఫుజూల్' ఒప్పందం. అప్పటికి దాదాపు 20 ఏళ్ళ వయసున్న ముహమ్మద్ (సఅసం) అందులో పాల్గొన్నారు. దైవప్రవక్త అయిన తరువాత కూడా ఆయన దాన్ని మేలుజాతి ఎర్ర ఒంటెలకన్నా విలువైనదిగా చెప్పుకున్నారు. ఇస్లాంలోనూ అలాంటి ఒప్పందానికి ఎవరైనా పిలిస్తే వస్తానన్నారు.

ఏళ్ళు గడిచాయి. అదే ఆస్ బిన్ వాయిల్‌కు హజ్రత్ ఖబ్బాబ్ (రజి) అనే కమ్మరి ఖడ్గం చేసి ఇచ్చారు. డబ్బు అడగబోతే, ముహమ్మద్‌ను తిరస్కరిస్తేనే ఇస్తానన్నాడు. నీవు చచ్చి మళ్ళీ లేచినా తిరస్కరించనని ఖబ్బాబ్ (రజి) అన్నారు. అలాగైతే లేచాకే ఇస్తానులే, అక్కడా నాకు ధనం, సంతానం ఉంటాయని ఆస్ ఎగతాళి చేశాడు. ఈ గర్విష్ఠిని గురించే మర్యమ్ సూరా 77-80 ఆయతులు అవతరించాయి.

మనిషి ఒక్కడే, ఎగవేత ఒక్కటే. పదిమంది కలిసి వచ్చినప్పుడు బాకీ చెల్లించాడు. ఒంటరి కమ్మరి వచ్చినప్పుడు నవ్వాడు. శ్రామికులు సంఘటితం కావలసిన అవసరం ఇక్కడే బోధపడుతుంది. యజమాని నెలల తరబడి వేచి ఉండగలడు. కూలివాని ఇంట్లో పొయ్యి సాయంత్రానికే వెలగాలి.

అయితే ఆ ప్రమాణం హక్కు కోసం జరిగింది, తమ వర్గం కోసం కాదు. పుణ్యకార్యాల్లో సహకరించుకోవాలని, పాపంలో, దౌర్జన్యంలో సహకరించుకోవద్దని మాయిదా సూరా 2వ ఆయతు ఆదేశిస్తోంది. పని ఎగ్గొట్టేవాణ్ణి వెనకేసుకు రావడం, పనికి వెళ్ళేవాణ్ణి కొట్టడం, యంత్రాలు పగలగొట్టడం, నాయకుడు చాటుగా యాజమాన్యం దగ్గర డబ్బు తీసుకోవడం - ఇవన్నీ అమానతు ద్రోహాలే. తమకు రావలసింది నిండుగా తీసుకొని, ఇవ్వవలసినచోట తగ్గించేవారికి ముతఫ్ఫిఫీన్ సూరాలో వినాశం ఉందని హెచ్చరిక వచ్చింది. పని నిండుగా చేయించుకొని కూలి తగ్గించే యజమానికీ, కూలి నిండుగా తీసుకొని పని తగ్గించే కార్మికునికీ ఈ తక్కెడ ఒకటే.

హజ్రత్ మూసా (అలైహి) కూడా మద్యన్‌లో పనికి కుదిరారు. ఖసస్ సూరాలో ఆ ఒప్పందం ఎంత స్పష్టంగా ఉందో గమనించండి. గడువు ఎనిమిదేళ్ళు, పదేళ్ళు పూర్తిచేయడం ఆయన ఇష్టం. పనివాడు బలవంతుడు, నమ్మకస్తుడు. తాను కష్టపెట్టదలచుకోలేదని పనిలో పెట్టుకున్న పెద్దాయన ముందే మాట ఇచ్చాడు. ఇరుపక్షాలూ అల్లాహ్‌ను సాక్షిగా భావించాయి. కార్మికులు, యాజమాన్యాలు చేసుకునే ఒప్పందాల్లో ఇంతకన్నా ఏం కావాలి?

మాట్లాడుకునే మార్గం ఉంటే తగవు తగ్గుతుంది. సింగరేణి బొగ్గు గనుల్లో ఒకప్పుడు అనేక సంఘాలు, తరచూ సమ్మెలు ఉండేవి. 1998లో కార్మికులు రహస్య ఓటుతో గుర్తింపు సంఘాన్ని ఎన్నుకునే పద్ధతి మొదలైంది. ఎవరితో మాట్లాడాలో యాజమాన్యానికీ, ఎవరిని జవాబు అడగాలో కార్మికులకూ తెలిసింది. సంప్రదింపు, రాజీ ఇస్లాం బోధించిన మార్గాలే.

ఇక మన సంగతి చూసుకుందాం. మనలో చాలామందిమి కార్మికులమే కాదు, యజమానులం కూడా. వెల్డింగ్ షాపులో కుర్రవాడు, కుట్టుమిషను దగ్గర కూర్చున్న చెల్లెమ్మ, ఇంట్లో అంట్లు తోమే మనిషి మన దగ్గర పనిచేస్తున్నారు. మస్జిద్‌కు రంగులు వేయించి, మౌజన్ జీతం మాత్రం వచ్చే నెలకు వాయిదా వేస్తే ఆ రంగులు మనల్ని కాపాడతాయా? వీరికి ఏ సంఘమూ లేదు. కానీ పని చేయించుకొని కూలి ఇవ్వనివానికి ప్రళయదినాన తానే ప్రత్యర్థిగా నిలబడతానని అల్లాహ్ ప్రకటించినట్లు బుఖారీ హదీసులో ఉంది. సంఘం లేనివాని పక్షాన సాక్షాత్తు ప్రభువే వాదిస్తే మన తరఫున ఎవరు మాట్లాడగలరు?

ఈ రోజే లెక్క చూసుకుందాం. ఎవరి కూలి మన దగ్గర ఆగి ఉందో, ఎవరి పని మన చేతిలో తరుగుపడిందో గుర్తించి చెల్లిద్దాం. ఇచ్చిన మాట నిలబెట్టుకునే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.