చాపకూడు పంక్తి, పర్యావరణ శాస్త్రపత్రిక: ‘సములు’ ఎవరనే ప్రశ్న

శాస్త్రపత్రికను ప్రారంభించడం ఒక పంక్తిని తీర్చడం వంటిది. ఎవరు రాయవచ్చు, ఆ రాతను ఎవరు తూచాలి, అది ఎవరికి అందాలి అనే నిర్ణయాలు తొలి సంచిక అచ్చుకాకముందే జరిగిపోతాయి. పర్యావరణం, సుస్థిరాభివృద్ధి విషయాలుగా అంతర్జాతీయ పత్రికను తలపెట్టినప్పుడు ఈ నిర్ణయాలకు సంపాదకీయ ప్రయోజనాన్ని మించిన నైతిక భారం ఉంటుంది. ఆ భారాన్ని తేటపరచడానికి పల్నాటి కారంపూడి అనువైన చోటు.

1866లో హెకెల్ నామకరణం చేసిన ఈ శాస్త్రానికి 1913లో బ్రిటన్‌లో ‘జర్నల్ ఆఫ్ ఎకాలజీ’, 1920లో అమెరికాలో ‘ఎకాలజీ’ వేదికలయ్యాయి. వారణాసి కేంద్రంగా 1960లో ‘ట్రాపికల్ ఎకాలజీ’ మొదలైంది. ఉష్ణమండలపు అడవికి దాని కొలతలు దానికి ఉండాలన్న ఆత్మగౌరవం ఆ పేరులోనే వినిపిస్తుంది. 1987 నాటి బ్రంట్‌లాండ్ నివేదిక తర్వాత పరిస్థితి మారింది. రాబోయే తరాల అవసరాలకు భంగం కలగకుండా నేటి అవసరాలు తీర్చుకోవడమే సుస్థిరాభివృద్ధి అన్నప్పుడు, ఎవరి అవసరం అన్న ప్రశ్న శాస్త్రం లోపలికే ప్రవేశించింది. అవసరం గల మనిషిని మట్టినమూనాలాగా సంచిలో కట్టి తీసుకుపోవడం ఇక కుదరదు.

నాగులేటి ఒడ్డున ఉన్న కారంపూడి 12వ శతాబ్దినాటి పల్నాటి యుద్ధానికి రంగస్థలం. ఏటా కార్తిక మాసంలో వీరుల గుడి వద్ద ఆరాధనోత్సవాలు జరుగుతాయి. కొణతాల పూజ, వీరవిద్యావంతుల గానం, అందరూ కలిసి భుజించే చాపకూడు అందులో భాగాలు. కులభేదం పాటించక ఒకే చాపపై భోజనం పెట్టించినవాడు బ్రహ్మనాయుడని సంప్రదాయం. దీన్ని సంస్కరణగా, వైష్ణవ ఉదారతగా వ్యాఖ్యానించడం పరిపాటి. అయితే పంక్తి ప్రధానంగా అర్హతను తేల్చే వ్యవస్థ. పంక్తిబాహ్యుడికీ ఆకలి ఉంటుంది. అతనికి లేనిది సముడన్న గుర్తింపు. చాపకూడులో వంటకం మారలేదు, ‘సముడు’ అన్న మాటకు అర్థం మారింది. పండిత పత్రికలు పాటించే పీర్ రివ్యూ, అనగా సముల పరిశీలన, సరిగ్గా ఈ మాట మీదే నిలిచి ఉంది.

సున్నపురాతి పొరలు, వాటిపై ఆధారపడిన సిమెంటు పరిశ్రమ, మిరప, పత్తి సాగు, నాగార్జునసాగర్ కుడికాలువ నీరు, కాలువ అందని మెట్టపొలాల్లో బోర్లు అన్నీ పల్నాడులో కలిసి ఉన్నాయి. ఇక్కడి భూగర్భజలంపై ఒక పరిశోధన జరిగిందని ఊహించవచ్చు. రైతు తన బోరు నీటిని పట్టి ఇస్తాడు. ఏ ఏడాది ఎంత లోతుకు వేయించాడో చెబుతాడు. ఏ దిక్కున నీరు ఉప్పెక్కిందో చూపుతాడు. వ్యాసం అచ్చయ్యేసరికి అతడు అక్షాంశ రేఖాంశాల పక్కన ఒక అంకె. ఆంగ్లంలో, చందా కట్టినవారికే అందే చోట ఆ వ్యాసం ఉంటుంది. అందులోని హెచ్చరిక మాత్రం అతని ఇంటి బిందెలోని నీటిని గురించి.

దీనికి బలమైన ఆక్షేపణ ఉంది. నీటిలో ఫ్లోరైడు ఎంతో ఊరు కూడి తేల్చలేదు, అనుభవమూ పొరబడుతుంది. ఈ ఆక్షేపణను తోసిపుచ్చరాదు. స్థానికుల మాటంతా సత్యమేనని తలూపడం మర్యాదలా కనిపించే అమర్యాద, ఎందుకంటే ఖండన సముల మధ్యనే సాధ్యం. అయితే ఆక్షేపణ రెండు పరిశీలనలను కలగలుపుతున్నది. కొలత సరైనదా అన్నది ఒకటి. ఏది కొలవదగినది, కొలిచాక ఫలితం ఎవరి మీద పడుతుంది అన్నది వేరొకటి. మొదటిదానికి నిపుణుడు సముడు. రెండవదానికి ఆ నీరు తాగేవాడు సముడు. అక్కడ నిపుణుడే అతిథి.

ఈ భేదానికి పూర్వోదాహరణ పల్నాటి సాహిత్య పరిశోధనలోనే లభిస్తుంది. జీన్ రోఘైర్ 1982లో ఆక్స్‌ఫర్డ్ నుండి వెలువరించిన ‘ది ఎపిక్ ఆఫ్ పల్నాడు’ అలిశెట్టి గాలెయ్య పాడిన వీరుల కథకు అనువాదం, అధ్యయనం. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన ద్విపద ఉన్నది, దానికి అక్కిరాజు ఉమాకాంతం పరిష్కరణా ఉన్నది. అయినా ఒక గాయకుని పాఠం ఆయన పేరుతో నిలవడం చిన్న విషయం కాదు. పాఠం గాలెయ్యది, వ్యాఖ్యానం, దాని తప్పొప్పుల బాధ్యత రోఘైర్‌వి. పర్యావరణ వ్యాసాల్లో ఈ మాత్రపు మర్యాద కూడా తరచు ‘కృతజ్ఞతలు’ భాగంలో ‘స్థానికులు’ అనే బహువచనంగా కరిగిపోతుంది.

చాపకూడును ఆదర్శంగా చూపేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. చాప పరచినవాడు మంత్రి. పిలుపు ఆయన చేతిలోనే ఉంది. నేటి పత్రికల ఉదారతకూ ఈ పరిమితి ఉన్నది. అందరికీ ఉచితంగా తెరిచే విధానం పాఠకునికి తలుపు తీసి, రచయిత వైపు నుండి రుసుము పుచ్చుకుంటుంది. ‘నేచర్’ పత్రికకు 2020లో ప్రకటించిన రుసుము ఒక్కో వ్యాసానికి 9,500 యూరోలు. కేంద్రం 2024 నవంబరులో మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో ఆమోదించిన ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకం విద్యాసంస్థలకు వర్తిస్తుంది. బోరు రైతు విద్యాసంస్థ కాడు. ఇక భాష. 2014లో జీవవైవిధ్య సంరక్షణపై వెలువడిన శాస్త్రపత్రాల్లో 35.6 శాతం ఆంగ్లేతర భాషలవని 2016లో ‘ప్లాస్ బయాలజీ’లో వచ్చిన అధ్యయనం లెక్కించింది. ‘అంతర్జాతీయ’ అన్న మాట ఆ భాగాన్ని దాటిపోతూనే చలామణి అవుతున్నది. వ్యాసం చివర తెలుగు సంగ్రహం చేర్చడం మేలే, కాని అది బంతి లేచాక పెట్టే అన్నం. ప్రశ్న రూపొందే దశలోనే తెలుగు ఉండాలి. చౌడు, గరప, రేగడి అన్న పేర్లలో ఏ పంట నిలుస్తుందో, నీరు ఎంతసేపు ఆగుతుందో తెలిపే తీర్పులు ఇమిడి ఉన్నాయి.

రెండు పరిశీలనలు విభేదిస్తే ఏమిటన్నది అసలు చిక్కు. నీరు చెడిందన్న కొలత సరైనదే కావచ్చు. అచ్చువేస్తే పొలాల ధర పడిపోతుందని ఊరు వద్దనవచ్చు. మాచర్ల సమీపంలోని కొప్పునూరులో యురేనియం అన్వేషణ జరిగింది కనుక, భూగర్భ సమాచారం భూమి మీది మనుషులకు ఎంత బరువో పల్నాడుకు వేరే చెప్పనక్కరలేదు. ఊరికి నిషేధాధికారం ఇస్తే అదే నీరు తాగే పక్క ఊరి పిల్లలకు హెచ్చరిక అందదు. ఏ అధికారమూ ఇవ్వకపోతే పరిశీలకుడన్న పేరు అలంకారమే. న్యాయమైన మధ్యస్థితి జవాబు పొందే హక్కు. ఊరి అభ్యంతరం ఊరి మాటల్లో, తెలుగులో, వ్యాసంతో పాటు అదే సంచికలో రావాలి. రచయితలు దానికి సమాధానం రాయాలి. ఏ బోరు ఎవరిదో తెలిసే వివరాలను మాత్రం మరుగుపరచవచ్చు. తొలి సంచికకు ముందే ఈ నియమం ప్రకటితం కావాలి. ఒక వివాదం తలెత్తాక రాసుకునే నియమం ఆ వివాదంలో బలవంతుని వైపే మొగ్గుతుంది. అనువాదపు ఖర్చును రచయితల మీదా, ఊరి మీదా వేయక పత్రిక తన పద్దులోనే చూపాలి.