తెలుపు ఎవరి గొప్ప?

ఎదుటి మనిషి బట్టల మీదికి నా కళ్లు ముందు పోతాయి. ముఖం తర్వాత, కాలరు ముందు. మాట తర్వాత, పంచె అంచు ముందు. తెల్లగా ఉంటే ఆ మనిషి మీద తెలియకుండానే మంచి అభిప్రాయం ఏర్పడుతుంది. మసకగా ఉంటే మనసు కాస్త వెనక్కి జరుగుతుంది. పైకి ఎవరినీ ఏమీ అనను. కానీ లోపల ఆ తూకం జరిగిపోతూనే ఉంటుంది. పాతపట్నంలో పెరటి నూతి నీళ్లతో ఇంటిల్లిపాది బట్టలూ ఉతికే నాకు ఈ చూపు ఎక్కడ అబ్బిందో నిదానంగా ఆలోచించుకోవాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

నేను ఈ ఊళ్లోనే ఏటి పక్క పుట్టి పెరిగినదాన్ని. మహేంద్రగిరి కొండల్లో పుట్టిన మహేంద్రతనయ ఇటు మా ఊరినీ, అటు పర్లాకిమిడినీ తాకుతూ పోయి వంశధారలో కలుస్తుంది. 1936లో ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి అటు పోయింది, మేము ఇటు ఉండిపోయాం. ఏరు మాత్రం ఇద్దరిదీ. మా అమ్మ ఆ ఏట్లోనే బట్టలు ఉతికేది. బండ మీద నాలుగు బాదులు బాది, పారే నీటిలో జాడిస్తే చాలు, దుప్పట్లు తెల్లగా వచ్చేవి. ఆవిడ చేతి ఉతుకుడని వీధంతా చెప్పుకునేవారు. ఆ మాట వింటే నాకు గర్వంగా ఉండేది. తెల్లటి బట్ట అంటే ఒళ్లు వంచే ఆడదానికి దక్కే గౌరవమని నాలో అప్పుడే పాతుకుపోయింది.

పెళ్లయి వచ్చింది ఊరికి రెండో కొసన, నుయ్యి ఉన్న ఇంటికి. అవే చేతులు, అదే సబ్బు. తెలుపు మాత్రం లేదు. తడిపిన చొక్కా మీద సబ్బు ఎంత రుద్దినా నురగ లేవదు. బకెట్టు నీళ్ల మీద తెల్లటి పొర మీగడలా తేలుతుంది. వేలితో తీస్తే జిడ్డు, గోటి సందున ఇరుక్కుంటే ఒక పట్టాన వదలదు. ఆ జిడ్డే బట్ట పోగుల్లోకి దిగుతుంది. ఎండలో ఆరాక తువ్వాలు గరుకెక్కుతుంది, బనీను బూడిదరంగుకు తిరుగుతుంది. పుట్టింటివాళ్లు వస్తున్నారంటే ఆ బనీన్లను దండెం మీద వెనక వరసలోకి జరిపి, ముందు రంగు చీరలు ఆరేసేదాన్ని. ఇల్లు చూడడానికి వచ్చినవాళ్లు నా బట్టలు చూసి నన్ను తూస్తారని భయం. నేను అందరినీ అలాగే తూస్తాను కాబట్టే ఆ భయం.

లోపం నా చేతుల్లో లేదని అత్తకు ముందే తెలుసు. బండ మీద నేను ఆయాసపడుతుంటే అనేది: "ఎంతసేపు బాదుతావే, అది మురికి కాదు గదా. ముందు నీళ్లలో సోడా ఎయ్యి, తేరనీ, అప్పుడు సబ్బు రాద్దువు గాని." ఆవిడ బడికి వెళ్లలేదు. బడికి వెళ్లిన నేను దాని వెనక ఉన్న శాస్త్రాన్ని చాలా ఆలస్యంగా చదువుకున్నాను. వాన నీరు నేలలోకి ఇంకేటప్పుడు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని రాళ్లలోని కాల్షియం, మెగ్నీషియాలను కరిగించుకుంటుంది. నేలలో ఎక్కువ కాలం నిలిచిన నీటిలో అవి ఎక్కువగా చేరతాయి. కొండ మీద కురిసి ఏటిలో పరుగెత్తే వాన నీటికి అంత తీరిక ఉండదు. సబ్బు ముందు ఈ లవణాలతో కలిసి కరగని జిడ్డుగా విరిగిపోతుంది. అవి అయిపోయాక గాని నురగ రాదు.

దీనికి లెక్క కూడా ఉంది. భారతీయ ప్రమాణాల సంస్థ 2012లో సవరించిన తాగునీటి ప్రమాణం ప్రకారం నీటి కఠినత్వం, అంటే ఈ లవణాల మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీరు దొరకని చోట 600 వరకు ఒప్పుకోవచ్చు. 200 ఉన్న నీళ్లు పదిహేను లీటర్ల బకెట్టులో పడితే, నురగ లేవకముందే దాదాపు 18 గ్రాముల అసలు సబ్బు జిడ్డుగా మారిపోతుంది. 600 ఉంటే సుమారు 55 గ్రాములు. తాగడానికి పనికొస్తాయని చెప్పిన నీళ్లే ఉతకడానికి ఇంత ఖరీదు. అందులోనూ ఈ ఖర్చు ఎక్కువగా పడేది ఏరు దూరమైన ఇంటి మీద, మంచి కుళాయి లేని ఇంటి మీద.

బట్టల సోడా వేస్తే ఆ కాల్షియం సుద్ద పొడిగా అడుక్కు దిగుతుంది, సబ్బు మిగులుతుంది. సోడా ఎంత వెయ్యాలన్నది నీటిని బట్టి ఉంటుంది. మా బకెట్టుకు ఒకటి రెండు చెంచాలు సరిపోతాయి. పట్టుకు, ఉన్నికి అది పడదు. వాటికి కుంకుడు రసమే మేలు, దాని నురగ ఈ నీళ్లలో సబ్బులా విరిగిపోదు. అయితే ఇదేమీ కొత్త విద్య కాదు. చాకిరేవులో బట్టలకు చవుడు పట్టించి బానలో ఉడకబెట్టేవారు. చవుడు నేలలో ఉండేదీ ఈ సోడాయే. నీటి గుణం, మట్టి గుణం తెలిసి, ఏ బట్టకు ఎంత వేడి కావాలో తెలిసిన కుటుంబాలు ఆ పని తరతరాలుగా చేశాయి. కూలి కింద పంటల మీద గింజలు కొలిచి ఇచ్చేవారు. మల్లెపువ్వులాంటి పంచె కట్టినవాడికి సభలో ముందు వరస దక్కింది. దాన్ని అలా చేసినవాళ్లు వీధి అరుగు దగ్గరే ఆగిపోయారు.

నా చూపు పుట్టిన చోటు ఇదేనని నాకు తోస్తోంది. తెలుపును కట్టినవాడి గుణంగా చూడడం, ఉతికినవాళ్ల చెమటనూ, ఉతికిన నీటినీ లెక్కలోంచి తీసేయడం. అమ్మను మెచ్చుకున్న వీధి కూడా ఏటిని మెచ్చుకోలేదు. నేనూ మెచ్చుకోలేదు.

ఆ చూపుకు బజారు తర్వాత నీళ్లు పోసింది. సర్ఫ్ 1959లో వచ్చింది, నిర్మా 1969లో. డిటర్జెంటు పొడులు ఇలాంటి నూతి నీళ్లలో సబ్బులా విరగవు. నూతి ఇళ్ల ఆడవాళ్ల భుజాలకు అవి నిజంగా విశ్రాంతినిచ్చాయి. ఆ మేలు నేను మరచిపోను. కానీ వాటి వెంట వచ్చిన ప్రకటనలు పక్కింటి చొక్కాతో మన చొక్కాను పోల్చుకోమన్నాయి. మొగుడి చొక్కా మీది మరకను పెళ్లాం పరువుకు అంటగట్టాయి. నీలిమందు బట్టలోని పసుపు ఛాయను కప్పుతుందే గాని, మురికిని తీయదు. పొడుల్లో కలిపే మెరుపు రసాయనాలు ఎండ తగిలినప్పుడు నీలి కాంతిని వదిలి, బట్టను ఉన్నదానికంటే తెల్లగా చూపిస్తాయి. అంటే నేను శుభ్రతగా గౌరవిస్తున్నదానిలో కొంత భాగం అద్దిన రంగే. సోడా నీళ్లలో బాగా ఉతికి, ఎండలో ఆరేసిన బూడిదరంగు బనీను మాత్రం నిజంగా శుభ్రమైనది.

నేను తెలుపు కోసం భయపడ్డాను, మా జిల్లాలోనే నీటిని చూసి ప్రాణం కోసం భయపడిన ఊళ్లున్నాయి. ఉద్దానంలో, కవిటి, సోంపేట, పలాస వైపు, మూత్రపిండాల జబ్బు ఏళ్ల తరబడి ఇళ్లను కూల్చింది. దానికి ఏకైక కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. అయినా తమ నేలలోని నీటిని నమ్మలేని స్థితి అక్కడివాళ్లది. 2023 డిసెంబరులో హిరమండలం జలాశయం నుంచి వంశధార నీళ్లు గొట్టాల్లో వాళ్ల దాకా వెళ్లాయి. మా ఏరు కలిసే నది నీళ్లే అవి. మంచి నీరు దగ్గర్లో ఉండడం ఎంత పెద్ద భాగ్యమో వాళ్లను తలుచుకుంటే తెలుస్తుంది. ఆ భాగ్యాన్ని నా పనితనంగా చెప్పుకొనే హక్కు నాకు లేదు.

ఇంత తెలిశాక చూపు మారిందా అంటే, పూర్తిగా లేదు. ఉదయం బడికి పోయే పిల్లల తెల్ల చొక్కాల మీద నా కళ్లు ఇంకా ఆగుతాయి. మసక చొక్కా కనబడితే పాత తీర్పు లోపల లేస్తుంది. దాని వెంటనే మరో ప్రశ్నను కూడా లేపుకోవడం అలవాటు చేసుకుంటున్నాను: ఈ ఇంటికి ఏ నీళ్లు? ఈ చొక్కా కోసం ఎవరి నడుము వంగింది? ఈ ప్రశ్నలు అడిగాక తీర్పు నిలబడదు. ఇంట్లో కూడా దండెం మీద వరసలు మార్చడం మానేశాను. మా కోడలికి తెల్లగా ఉతకమని చెప్పను, నూతి నీళ్ల గుణం చెబుతాను, సోడా ఎంత వెయ్యాలో చెబుతాను. అబ్బాయికీ చెబుతాను, ఎందుకంటే ఆ బనీన్లు వాడివే.