పెరుగన్నం విరుగుడు కాదమ్మా

అమ్మలూ, పిల్లాడికి జలుబు చేస్తే కిందటిసారి మిగిలిన యాంటీబయాటిక్ సిరప్ పట్టానని, పొట్ట చెడకుండా పెరుగన్నం పెట్టానని మొన్న ఫోన్‌లో చెప్పావు. పెరుగన్నం సరే, రోజూ పెట్టు. ఆ సిరప్ మాత్రం వద్దు తల్లీ. జలుబు తెచ్చేది వైరస్, దాన్ని ఆ మందు ఏమీ చెయ్యలేదు. దెబ్బ తినేది పిల్లాడి పేగుల్లో ఉన్న మంచి బాక్టీరియా.

మన గేదెకు పొదుగువాపు వచ్చి ఇంజక్షన్లు వేయించిన రోజుల్లో ఆ పాలు ఎంత తోడేసినా తోడుకునేవి కావు. పాలల్లోకి దిగిన పెన్సిలిన్ కొంచెమైనా చాలు, తోడులోని బాక్టీరియా చచ్చిపోతుంది. అమ్మ ఆ పాలు ఎవరికీ పొయ్యనిచ్చేది కాదు.

నా బెంగంతా అలా చావకుండా మిగిలే వాటి గురించే. పెరుగులోనూ పేగుల్లోనూ ఉండే లాక్టోబాసిల్లస్ అనే మంచి బాక్టీరియా రకాలు చాలావాటి మీద వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ పనిచెయ్యదు. అది వాటి కణం గోడలో పుట్టుకతో ఉన్న గుణం, ఇంకోదానికి పాకదు కాబట్టి భయం లేదు. కొన్నింటిలో మాత్రం మందుకు లొంగని జన్యువు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ చుట్ట మీద ఉంటుంది. ఆ చుట్ట పేగుల్లో పక్కనున్న బాక్టీరియాకు చేరొచ్చు, అది రోగం తెచ్చేదైనా సరే. ప్రొబయోటిక్‌గా, అంటే మేలు కోసం మింగే బాక్టీరియాగా, వాడే లాక్టోబాసిల్లస్ రూటెరి రకం ఒకదానిలో అలాంటి ప్లాస్మిడ్లు రెండు కనబడితే, వాటిని తీసేసి మరీ కొత్త రకం తయారుచేశారు. ఆ పరిశోధన 2008లో అచ్చయింది. మన వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్, బయోటెక్నాలజీ శాఖ డీబీటీ కూడా 2011లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ప్రొబయోటిక్‌లకు మందుకు లొంగని గుణం ఇంకోదానికి పాకుతుందేమో చూసే పరీక్ష ఉండాలన్నాయి.

అవసరం లేకుండా పట్టిన ప్రతి డోసూ మెతకవాటిని చంపి, మొండివాటికి చోటిస్తుంది. పైన ప్రొబయోటిక్ వేస్తే ఆ నష్టం పూడుతుందనుకోకు. యాంటీబయాటిక్ తర్వాత ప్రొబయోటిక్ తీసుకున్నవాళ్లలో పాత బాక్టీరియా మళ్లీ కుదురుకోవడం ఆలస్యమైందని 2018లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ పరిశోధకులు చూపించారు.

డాక్టరు చూసి రాస్తే చెప్పినన్ని రోజులూ వెయ్యి. పాత చీటీ పట్టుకుని మందుల షాపుకు వెళ్లకు. నీళ్లు కలిపిన సిరప్ ఎలాగూ కొద్దిరోజులకే పాడవుతుంది, దాచకు.

ఇంకోమాట. మీ మామగారికి కీమో నడుస్తోంది కదా, ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గినప్పుడు ఆ మంచి బాక్టీరియానే ఒక్కోసారి రక్తంలోకి చేరుతుంది. ఆయనకు ప్రొబయోటిక్ క్యాప్సూళ్లు డాక్టరును అడగకుండా ఇవ్వొద్దమ్మా.