విస్మయం చాలునా? ‘లెజెండ్’ చిత్రంలో దృశ్యవైభవం, భావదారిద్ర్యం

అద్భుతరసానికి స్థాయిభావం విస్మయమని భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పాడు. విస్మయం తరచుగా కంటితో మొదలవుతుంది. కంటితోనే ముగిసిపోతే అది రసస్థితిని అందుకుంటుందా అన్నది ప్రశ్న. తొమ్మిదో శతాబ్దికి చెందిన ఆనందవర్ధనుడు కావ్యం విషయంలో ఇటువంటి ప్రశ్ననే ఎదుర్కొన్నాడు. రసభావాదుల తాత్పర్యం లేకుండా, శబ్దార్థాల వైచిత్రి మీదనే నిలిచే రచనను ఆయన ధ్వన్యాలోకంలో ‘చిత్రం’ అన్నాడు. అది కావ్యానికి అనుకరణమే గాని ముఖ్యమైన కావ్యం కాదని ఆయన నిర్ణయం. సినిమాను కూడా తెలుగులో చిత్రమనే పిలవడం యాదృచ్ఛికమే కావచ్చు. అయినా ఆ నిర్ణయం తెరకు ఎంతవరకు వర్తిస్తుందో పరిశీలించదగినది.

రిడ్లీ స్కాట్ దర్శకత్వంలో 1985లో వెలువడిన ఆంగ్ల చిత్రం ‘లెజెండ్’ ఇందుకు తగిన ఉదాహరణ. ఇంగ్లండులోని పైన్‌వుడ్ స్టూడియోలో ఒక మహారణ్యాన్నే నిర్మించి ఈ చిత్రాన్ని తీశారు. ఆకుల సందుల్లోంచి జాలువారే వెలుగు, గాలిలో తేలియాడే నూగు, ఎర్రని దేహంతో, బ్రహ్మాండమైన కొమ్ములతో కనిపించే ‘డార్క్‌నెస్’ అనే చీకటిరాజు రూపం నేటికీ ఆశ్చర్యం గొలుపుతాయి. ఆ రూపాలంకరణ ఆస్కార్ పరిశీలనకు ఎంపికైంది కూడా.

ఇంతటి వైభవం నడుమ ఉన్న కథ చిన్నది. లిలీ అనే రాకుమారి, జాక్ వద్దంటున్నా వినక, యూనికార్న్ అనే ఒంటికొమ్ము గుర్రాన్ని తాకుతుంది. ఆ అదను కోసం పొంచి ఉన్న దుష్టులు దానిని విషపుటమ్ముతో కొట్టి, కొమ్ము నరికి తీసుకుపోతారు. లోకమంతా మంచులో గడ్డకట్టుకుపోతుంది.

లిలీ చేతిలో దురుద్దేశం లేదు. ఉన్నది అందం పట్ల మోహం మాత్రమే. దురుద్దేశం లేని చేత వల్ల ఘోరం జరిగినప్పుడు కర్త బాధ్యత ఎంత? ఈ ప్రశ్న భారతీయ సాహిత్యానికి కొత్తది కాదు. నీటిలో కుండ ముంచిన చప్పుడును ఏనుగు నీరు తాగే శబ్దమనుకొని దశరథుడు వేసిన బాణం మునికుమారుణ్ణి బలిగొన్నది. ఆ తప్పు అక్కడితో తీరిపోలేదు. ఏళ్ల తరువాత పుత్రవియోగంతో కుమిలిపోతున్న దశరథుడు దానిని కౌసల్యకు చెప్పుకొని ప్రాణం విడుస్తాడు. వాల్మీకి ఆ బాణం వేగాన్ని గాక, అది ఒక మనసులో మిగిల్చిన గాయం వయసును కొలిచాడు.

‘లెజెండ్’ ఈ కొలతకు నిలవదు. లిలీ తన తప్పు గ్రహిస్తుంది, దిద్దుకోవాలనీ పూనుకుంటుంది. చెరలో ఉన్న ఆడ యూనికార్న్ సంకెళ్లను తెంచుతుంది కూడా. ఆ బీజాలు కథలో లేకపోలేదు. కాని ఆమె పశ్చాత్తాపం దగ్గర చిత్రం నిలవదు. అపరాధభావం కలగవలసిన చోట ప్రేక్షకుడి చూపు అందమైన మంచు మీదికి మళ్లుతుంది. చివరకు కొమ్ము యథాస్థానం చేరగానే మంచు కరుగుతుంది, గుర్రం లేస్తుంది. లోకం బాగుపడుతుంది, తప్పు చేసిన మనసు ఏమైందో మాత్రం తెలియదు. అంతకంటె ఆలోచింపజేసేది మరొకటి ఉంది. చిత్రంలో ఒంటరితనం, వాంఛ, ఆశాభంగం వంటి భావాలు స్పష్టంగా పలికేది చీకటిరాజులోనే. మంచికి అందమే దక్కింది, అంతరంగం దక్కలేదు.

సౌందర్యం తనంతట తానే విలువ కాదా అని ఆక్షేపించవచ్చు. పూలతోట కథ చెప్పదు. దానిని చూసి ఆనందించడం దోషమూ కాదు. అయితే తోట ఎవరికీ ప్రశ్న వేయదు. ప్రాణహానిని, అపరాధాన్ని ముందుకు తెచ్చిన కథ ప్రేక్షకుడికి ఋణపడుతుంది. ఆ ఋణాన్ని వెలుగులతో తీర్చబోతే ఇతరుల దుఃఖం కూడా ఒక అలంకారంగా మారుతుంది. దుఃఖాన్ని అలంకారంగా చూడడం కంటికి అలవాటు కావడమే ఇక్కడి నైతిక ప్రమాదం.

దీనికి కారణం దృశ్యవైభవం కాదు. 1957 నాటి ‘మాయాబజార్’లోనూ మాయలకు కొదువ లేదు. కాని అందులోని ప్రియదర్శిని పేటిక తెరిచినవారికి తమకు ప్రియమైనదే కనబడుతుంది. శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు. అక్కడ మాయ మనసును కప్పదు, తెరిచి చూపుతుంది. అదే సాంకేతిక చాతుర్యం భావానికి వాహకమైతే ఏమవుతుందో ఆ ఒక్క సన్నివేశం తెలుపుతుంది.

నాటకపు నిర్వహణ సంధిలో అద్భుతరసం ఉండాలని భరతుడు విధించడంలోని ఔచిత్యం ఇక్కడ బోధపడుతుంది. తక్కిన భావాలన్నిటినీ దాటి వచ్చినవారికి చివర లభించే ఫలం అద్భుతం. ‘లెజెండ్’ ఆ ఫలాన్ని మొదటి సన్నివేశంలోనే చేతిలో పెట్టింది. దానిని పండించవలసిన దుఃఖాన్ని మాత్రం మంచు కింద వదిలేసింది.